ఇంటూ గుర్తు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో నాకు అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొత్త నవలలు, రచయితల జీవిత చరిత్రలు ఎక్కువగా పెట్టేవాణ్ణి. అడిగినా అడక్కపోయినా, ఎవరికి ఏది నప్పుతుందో నేనే తీసి చేతిలో పెట్టేవాణ్ణి. "ఇది వద్దండీ" అంటే ఒళ్ళు మండేది. ముందు చదివి చావండి, తర్వాత మాట్లాడండి అనేవాణ్ణి. అయినా వచ్చేవాళ్ళు.

మా పాఠకురాళ్ళకు ఒక అలవాటు. కథ విషాదంగా ముగిస్తే, తర్వాత తీసుకునేవాళ్ళ కోసం ఆఖరి పేజీ మూల పెన్సిలుతో ఇంటూ పెట్టేవాళ్ళు. పుస్తకాలు పాడుచేస్తున్నారని మొదట్లో రబ్బరుతో చెరిపాను. మళ్ళీ పెట్టారు. నావల్ల కాదని వదిలేశాను.

సరూర్‌నగర్ చెరువు దగ్గరి నుంచి ఒకావిడ వచ్చేది. పొలాలమ్ముకున్న అసలు ఊరివాళ్ళు. నన్ను తమ్మీ అనేది. పుస్తకం ఇస్తే ముందు ఆఖరి పేజీ తిప్పేది. ఇంటూ కనిపించిందా, బల్ల మీద పెట్టేసేది. "గొప్ప నవల అక్కా" అని పోరేవాణ్ణి.

"గొప్పదైతే నువ్వే సదువుకో. నా కొడుకు యూనివర్సిటీల ఉన్నడు. దినాం లాఠీలు, గ్యాసు. ఫోన్ జేస్తే ఎత్తడు. పుస్తకంల గూడ పరేషానేనా? మంచిగ అయిపోయేది ఇయ్యి."

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరింది. నేను గుంటూరు వైపువాణ్ణి. బంద్ రోజున కొందరు కుర్రాళ్ళు షాపు ముందు నిలబడి "ఆంధ్రోళ్ళ దుకాణం" అని అరుస్తుంటే ఆవిడే అడ్డం వచ్చింది. "నా కొడుకు గూడ గీడి పుస్తకాలే సదివిండు. పోండ్రి!" వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రోజు ఆవిడకు ఇంటూ లేని జీవిత చరిత్ర ఏరి ఇచ్చాను. అందులో తల్లి బతికుండగానే కొడుకు పెద్ద రచయిత అవుతాడు.

ఆ పుస్తకం తిరిగి రాలేదు. ఆమె కొడుకు రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్నాడని పక్క టీ కొట్టాయన చెప్పాడు. షాపు మూసి పరిగెత్తాను. వాకిలి నిండా జనం, జెండాలు. అమరుడంటూ నినాదాలు. ఆవిడ దాకా వెళ్ళే దారి లేకపోయింది.

చాన్నాళ్ళకు వచ్చింది. మనిషి సగమైంది.

"ఇంటూ ఉన్నది ఇయ్యి తమ్మీ."

ఒకటి ఇచ్చాను. చదివి తెచ్చి మరొకటి అడిగింది. అలా ఇంటూ ఉన్న నవలలు, జీవిత చరిత్రలు వరసగా తీసుకెళ్ళింది. చివరికి ఒకరోజు పుస్తకం బల్ల మీద పెట్టి అడిగింది.

"అన్నిట్ల కొడుకు సచ్చినకాడ్నే కథ అయిపోతున్నది. తెల్లారి తల్లి లేసిందా? పొయ్యి ముట్టిచ్చిందా? ఏం దిన్నది? గది రాసిన పుస్తకం ఇయ్యి."

అడక్కుండానే పుస్తకాలు తీసిచ్చేవాణ్ణి కదా, అరలన్నీ వెతికాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

"లేదక్కా" అన్నాను.

"ఒక్కరు గూడ రాయలే?" అంది.