బడి ఆవరణలో కొబ్బరికాయ పరీక్ష

పాఠ్యప్రణాళికల మీద పనిచేస్తూనే నా ఉద్యోగ జీవితం గడిచింది. అందులో పంతం పట్టి పోరాడింది మాత్రం ఒక్క పేజీ కోసం.

ఏడో తరగతి పర్యావరణ పాఠాలు రాసే కమిటీలో నన్ను వేసినప్పుడు, అప్పటిదాకా ఉన్న పుస్తకం తిరగేశాను. నిండా జలపాతాలు, పచ్చని అడవులు. మా అనంతపురం పిల్లలకు తెలిసిన నీళ్ళు బోరులోంచి వచ్చేవి, లేదా రానివి. ఆ బోరు ఎక్కడ వెయ్యాలో చెప్పేది కొబ్బరికాయ! అరచేతిలో కాయను పడుకోబెట్టి చేనంతా తిరుగుతారు. కింద నీళ్ళుంటే కాయ లేచి నిలబడుతుందట. ఆ నమ్మకంతో వేసి, ఎండిపోయిన బోర్లు ఏ ఊరికి పోయినా కనిపిస్తాయి. అందుకే పాఠంలో ఒక పరీక్ష పెట్టాను. కాయ లేచిన చోట గుర్తుగా గూటం కొట్టండి. తర్వాత ఆ మనిషి కళ్ళకు గుడ్డ కట్టి, మళ్ళీ నడిపించండి. కాయ అదే చోట లేస్తుందా?

అచ్చుకు ముందు బెళుగుప్ప దగ్గర ఒక బడిలో దాన్ని చేసి చూశాం. కాయ పట్టడానికి మా చిన్నాయననే పిలిచాను. నీళ్ళు చూడడంలో ఆయనకు పేరుంది.

“గుడ్డెందుకు, గోనెసంచి కట్టమ్మే! చెప్పేది కాయ, నేను కాదు,” అన్నాడు ధీమాగా.

కళ్ళు తెరిచి నడిచినప్పుడు వేపచెట్టు పక్కన కాయ లేచింది. పిల్లలు గూటం కొట్టారు. గుడ్డ కట్టి, చుట్టూ తిప్పి వదిలాం. గూటం మీదుగానే పోయాడు, కాయ కదల్లేదు. ఆవరణ అవతలి గోడ దగ్గర లేచింది. మరోసారి నడిపిస్తే ఇంకోచోట.

“కండ్లు కట్టినారని గంగమ్మకు కోపమొచ్చినాది,” అన్నాడు చిన్నాయన.

ముందు వరసలోని పిల్ల లేచింది. “గుడ్డ కట్టింది నీకు కదా తాతా, గంగమ్మకు కాదు కదా?”

బడంతా గొల్లున నవ్వింది.

“పిలకాయల ముందర నా పరువు తీసినావు గదమ్మే,” అన్నాడు బయటికొచ్చాక.

“వాళ్ళు నవ్వింది కాయను చూసి, చిన్నాయనా.”

“కాయను పట్టుకొనింది నేనే గదా!”

ఆయన మోసగాడు కాడు. తన చెయ్యి తనకు తెలియకుండా కదులుతుందని ఆయనకు ఏ బడీ చెప్పలేదు. నా కోపం ఆ చెప్పని బడి మీద.

పిల్లల ముందు గంగమ్మను ఎగతాళి చేశారన్న ఊళ్ళోవాళ్ళ ఫిర్యాదు కమిటీ దాకా పోయింది. “భూగర్భజలాల మీద మీరు రాసిన వివరణ బాగుంది, ఉంచుదాం. పరీక్ష తీసేద్దాం. జనం నమ్మకాలతో మనకెందుకు?” అన్నాడు అధ్యక్షుడు.

“పరీక్ష పోతే మిగిలేది ఉపదేశం. నిన్నటిదాకా కాయ మాట నమ్మినవాళ్ళను రేపటి నుంచి పుస్తకం మాట నమ్మమంటామా?”

“అయితే ఏం చెయ్యమంటారు? ఉన్న చోటు ఒక్క పేజీ.”

“నా వివరణ కొట్టెయ్యండి. పరీక్ష ఉంచండి.”

రాసినవాళ్ళే తమ రాత కొట్టెయ్యమనడం ఆయన ఎప్పుడూ వినలేదేమో, చాలాసేపు వాదించాడు. నేను కదల్లేదు. చివరికి చేతులెత్తించి లెక్క చూస్తే, పరీక్షే నెగ్గింది.

ఇప్పుడు ఉపాధ్యాయ శిక్షణకు ఎక్కడికి పోయినా ముందు ఆ పేజీ తీయిస్తాను. కొందరు టీచర్లు నవ్వుతారు, కొందరు మొహం ముడుస్తారు. ముడిచినవాళ్ళనే మొదట కాయ పట్టమంటాను.