అత్తరు బిళ్ల ఆపిన మోడెం

కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్లెవరూ ఇన్నేళ్లలో ఒక్క టెలిఫోన్ మెకానిక్‌ను పలకరించిన పాపాన పోలేదు. అడగకపోయినా చెబుతున్నాను. ఎనభైల చివర నేను జహీరాబాద్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవాణ్ణి.

ఊళ్లో ఒక విత్తనాల కంపెనీ బ్రాంచికి కంప్యూటరు వచ్చింది. రోజూ స్టాకు రిపోర్టు హైదరాబాద్‌కు పంపాలి. లైనుకు నేరుగా తీగ కలిపే అనుమతి వాళ్లకు లేదు కాబట్టి అకౌస్టిక్ కప్లర్ అనే పెట్టె వాడేవారు. దాని మీద రెండు రబ్బరు గిన్నెలు. నంబరు తిప్పి, అవతల ఈల వినిపించగానే రిసీవరును ఆ గిన్నెల్లో బోర్లించాలి. లోపలి మోడెం కంప్యూటరు సంకేతాలను రెండు రకాల ఈలలుగా మార్చి, మనం మాట్లాడే వైపు ఊదుతుంది. అవతలి మోడెం వాటిని విని మళ్లీ అక్షరాలు చేస్తుంది. సెకనుకు ముప్పై అక్షరాలు, అంతే.

రెండు రోజులుగా రిపోర్టు పోవడం లేదని కంప్లయింటు వచ్చింది. వెళ్లేసరికి ఆపరేటర్ జగదేవి కళ్లు తుడుచుకుంటోంది. ఆ రోజూ పోకపోతే కంప్యూటరును వెనక్కి తెప్పించుకుని, ఆమెను తీసేస్తామని హెడ్డాఫీసు చెప్పిందట. హైదరాబాద్ నుంచి వచ్చిన కంపెనీ ఇంజినీరు నన్ను చూడగానే "మీ లైనే బాగాలేదు" అన్నాడు. కూర్చోమని కూడా అనలేదు.

లైను పరీక్షించాను. శుభ్రంగా ఉంది.

"మాట మంచిగనే ఇనిపిస్తది కదమ్మా?" అని జగదేవిని అడిగాను.

"మనిషి మాట ఇనిపిస్తది సార్. మిషిన్ మాటే పోతలేదు."

రిసీవరు ఎత్తితే మల్లెపూల వాసన. మాట్లాడే వైపు రంధ్రాల మీద అత్తరు స్పాంజి బిళ్ల అంటించి ఉంది. అప్పట్లో ఆఫీసుల్లో అదో మోజు.

"ఇదెవరు పెట్టిన్రు?"

"నేనే సార్. మేనేజర్ సారు ఇదే ఫోన్ల పాన్ నములుకుంట మాట్లాడుతడు. ఆ వాసనకు కడుపుల తిప్పుతది. మొన్ననే కొత్తది పెట్టిన, జర మందమున్నది."

గట్టిగా మాట్లాడితే మనిషి గొంతు ఆ స్పాంజిని దాటుతుంది. సన్నటి ఈల దాటలేదు. పైగా బిళ్ల అడ్డుపడి రిసీవరు గిన్నెలో సరిగా కూర్చోలేదు. దాన్ని పీకేసి, మళ్లీ నంబరు తిప్పి, రిసీవరును గిన్నెల్లో నొక్కిపెట్టాను. పెట్టె మీది లైటు నిలకడగా వెలిగింది. హైదరాబాద్‌కు ఫోను చేస్తే రిపోర్టు మొత్తం అందిందన్నారు.

"ఇగ నా పాన్ వాసన నీకు తప్పదా జగదేవమ్మా?" అన్నాడు పక్క గదిలోంచి అంతా విన్న మేనేజరు.

"పాన్ మీరే బంద్ జెయ్యున్రి సార్!" అందామె నవ్వుతూ.

ఆమె ఉద్యోగం నిలిచింది. ఆ తృప్తి నాకు ఇప్పటికీ ఉంది. స్తంభాలెక్కే ముందు రిసీవరును చేతిలోకి తీసుకుని చూడాలని ఆ రోజే నేర్చుకున్నాను.

అయితే ఆ ఇంజినీరు వెళ్తూ వెళ్తూ తమ రిజిస్టరులో "టెలిఫోన్ లైను లోపం సరిచేయించడమైనది" అని రాశాడు. బిళ్ల ఊసే లేదు. దిద్దమని ఆ కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. అయ్యా ఇంజినీరు గారూ, ఇది మీ కంటపడితే ఇప్పటికైనా ఒక్క ముక్క చెప్పండి: నా లైనులో లోపం ఏ స్తంభం దగ్గర ఉంది?