అవతలివాడి మాట

కోడుమూరు మిడిల్ స్కూలులో మాబు సాహెబ్ పదకొండేళ్లు పాఠం చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకడి మాట నమ్మి ఇంకొకణ్ణి బెత్తంతో కొట్టాడు. చాడీ చెప్పినవాడిదే తప్పని తేలేసరికి, దెబ్బలు తిన్న పిల్లవాడు బడి మానేసి గొర్రెల వెంట పోయాడు. ఎంత పిలిచినా మళ్లీ రాలేదు. అప్పటినుంచి తరగతిలో ఒక నియమం పెట్టాడు. ఎవరినైనా తప్పుపట్టాలంటే ముందు వాడి మాట వాడి తరఫున చెప్పాలి. వాడు ఔనన్నాకే సొంత మాట.

1934 వేసవిలో ఆ నియమానికి గట్టి పరీక్షే వచ్చింది. వరసగా అది మూడో కరువేడు. ఊళ్లో నీళ్లున్నది తూర్పు బావిలోనే. మగ్గాల వీధివాళ్లు నూలుకు రంగు అద్ది ఆ బావి దగ్గరే జాడించేవారు. ఆ రంగునీళ్లు పారి పశువుల తొట్టిలోకి చేరేవి. రైతు బసవన్న ఆవు చచ్చింది. రంగునీళ్లే చంపాయన్నాడతను. మర్నాడు తరగతిలో బసవన్న కొడుకు మహానంది, మగ్గాల వీధి శివన్నను పలకతో నుదుటి మీద కొట్టాడు.

మాబు సాహెబ్ గాయానికి గుడ్డ కట్టి ఇద్దర్నీ నిలబెట్టాడు.

“మహానందీ, శివన్న ఏమంటాండాడో చెప్పు.”

“రంగునీళ్లు పోసి మా గొడ్లను సంపుతామంటాండాడు, అయివారూ.”

“అది నీ మాట. వాని మాట చెప్పు.”

చెప్పలేకపోయాడు. శివన్నదీ అదే పరిస్థితి. దాంతో మహానందిని శివన్న ఇంటికి, శివన్నను మహానంది తోలే ఎద్దుల వెంట పంపాడు ఆయన.

మూడు రోజుల తర్వాత మహానంది నోరు విప్పాడు. “రంగేసిన నూలు అప్పుడే జాడించకుంటే మరకలు పడతాయి. దానికి శానా నీళ్లు కావల్ల. ఇంటికి మోసుకుపోలేరు.”

శివన్న తలూపాడు. “ఎద్దులు రెండు కోసులు నడిచొచ్చి, తొట్టి కాడ వాసన చూసి మూతి తిప్పుకున్నాయి. నేనే చూసినా.”

“ఇద్దరి మాటా నిజమే గదా. మరి తప్పు యాడుండాది?”

తరగతంతా ఒక పూట వాదులాడుకుంది. తొట్టి జరపాలన్నారు కొందరు. ఆ పక్క ఆడవాళ్లు కడవలు దించుకునే చోటని ఒకడు అడ్డం వచ్చాడు. చివరికి రంగునీళ్లు దూరంగా పోయేలా కాలువ తీయాలన్నారు.

ఇది విన్న బసవన్న బడికొచ్చాడు. “ఏమప్పా అయివారూ, నా కొడుకు చేతనే నా మీద వకాల్తా పట్టిస్తాండావే!” అని మహానందిని లాక్కుపోయాడు.

మాబు సాహెబ్ రెండు రోజులు గుర్రుగా ఉన్నాడు. భార్య మదార్ బీ ఒక్కటే అడిగింది. “పిల్లోళ్లకు చెప్పేది బసవన్న కాడ నువ్వెందుకు చేయవు?”

ఆయనకు సిగ్గేసింది. తెల్లారి బసవన్న ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

“నీ మాట నేను చెప్తా. తప్పుంటే దిద్దు. మూడేండ్లుగా పంట లేదు. ఉన్న ఎద్దు సచ్చింది. కొడుకు కూడా అవతలోళ్ల మాటే చెప్తే, నా పక్కన ఎవురుండారనిపించింది.”

“ఎద్దు కాదు, ఆవు. తక్కింది సరిగ్గానే చెప్పినావు,” అన్నాడు బసవన్న.

సోమవారం మహానంది బడికి వచ్చాడు. కాలువకు పెద్దలు ఒప్పుకోవడానికి మరో ఇరవై రోజులు పట్టింది. రెండు వీధుల మగవాళ్లూ కలిసి తవ్వారు. ఆవు రంగునీళ్లతోనే చచ్చిందని బసవన్న అంటూనే ఉన్నాడు, మగ్గాల వీధి కాదంటూనే ఉంది. నిజమేదో చెప్పమని పిల్లలు అడిగితే “నాకు తెలీదప్పా” అన్నాడు మాబు సాహెబ్.

రెండేళ్లకు ఆయనకు నందికొట్కూరు బదిలీ అయింది. సామాను మోసుకెళ్లిన బండి బసవన్నదే.