పుర్రచేతి రాత

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా నా నాలుక ఎండాకాలపు పెన్నలాగా ఇసుక తేలిపోవాల. నన్నెరిగినవాళ్లు ఈ ఒట్టు చదివి నవ్వుతారని తెలుసు. నవ్వండి. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మాది విడపనకల్లు దాటి ఇంకొంచెం పోతే వచ్చే పల్లె. ఆ ఏండ్లలో వానలు మమ్మల్ని మరిచిపోయినాయి. బళ్లో బోరు ఎండిపోయింది. తాగే నీళ్లు చేన్ల అవతల ఇంకో బోరు నుంచి మోసుకురావాల. మోసేది చర్చి పక్క కాలనీ పిల్లోళ్లు. బడి కక్కూసు కడిగేదీ వాళ్లే. మేము నీడలో కూర్చుని ఎక్కాలు చదువుతాంటే వాళ్లు ఎండలో బిందెలతో తిరిగేవాళ్లు. వాళ్లే ఎందుకని ఎవరూ అడగలేదు. పొద్దు తూర్పున పొడిచేది ఎందుకని ఎవరడుగుతారు?

మా ఏడో తరగతిలో లెక్కలకు మొనగత్తె ఆ కాలనీ పిల్లే. పుర్రచేతి వాటం. బడి మొత్తానికి ఎడమచేత్తో రాసేది ఆమె ఒక్కతే. ఆ పిల్ల నోటుబుక్కు చూసే నేను లెక్కలు ఎక్కించుకునేవాణ్ణి. నీళ్లకని ఆమెను లేపి పంపిన రోజు నా లెక్కలు గల్లంతు, నా వీపు విమానం మోత. మా పెద్దసారు కానుగ బెత్తం ఒకసారి గాలిలో ఊపితే కర్ణాటకలో కుక్కలు మొరిగేవి.

ఆ యేడు కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. పామిడి నుంచి బస్సులో వచ్చిపోయేది. ఏదో ట్రైనింగుకని అనంతపురం పోయొచ్చి, పిల్లలకు హక్కులుంటాయనీ, ప్రపంచంలో యాడ పుట్టిన బిడ్డకైనా అవి ఒకటేననీ పాఠం చెప్పింది. మాకు నవ్వొచ్చింది. ఆమె కూడా మాతోపాటు నవ్వి, బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి తెచ్చి, మూతకు చీలిక పెట్టి కిటికీలో ఉంచింది. మనసులో ఉన్న ప్రశ్న రాసి అందులో వేయాలంట. పేరు పెట్టక్కర్లేదంట.

నేను వేసినాను. "నీళ్లు మోసేది, కక్కూసు కడిగేది ఎప్పుడూ కాలనీ పిల్లోళ్లేనా? మిగతావాళ్లకు చేతుల్లేవా?" అని. న్యాయం మీద ప్రేమతో కాదు, లెక్కల భయంతో. నా రాత పట్టేస్తారని పెన్ను ఎడమచేతికి మార్చుకొని, వంకరటింకరగా గీకినాను. ఇంత తెలివి ఊళ్లో ఇంకెవరికీ లేదని ఆరోజు మీసం లేని మూతి మెలేసుకున్నాను.

ఆ తెలివే కొంప ముంచింది. శనివారం బస్సు రాక టీచరమ్మ బడికి రాలేదు. పెద్దసారు డబ్బా విప్పినాడు. ప్రార్థనలో అందరి ముందరా ఆ చీటీ ఆడించి, "ఇది పుర్రచేతి రాత" అన్నాడు. బడిలోని కండ్లన్నీ ఒక్కసారిగా ఆ పిల్ల మీద పడినాయి. "సోమవారం మీ నాయన్ను పిల్చుకొని రా. టీసీ చేతిలో పెట్టి పంపిస్తా."

టీసీ అంటే ఏమో మాకు తెలుసు. అంతకుముందు టీసీ తీసుకున్న కాలనీ పిల్లలు బెంగళూరులో ఇటుకలు మోస్తాండారు.

ఆ రెండు దినాలు నేను సంగటి ముట్టలేదు. ఒళ్లు కాలిపోతాంటే మా అమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు వచ్చింది గానీ భయం పోలేదు. చెబితే నా వీపు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల చదువు పోతుంది. ఆదివారం ఆ పిల్ల మా వీధిలో ఒకరి వాకిట్లో విత్తనాలకని వేరుశనగ బుడ్డలు ఒలుస్తాండాది. తలెత్తి నన్ను చూసింది. నేను పక్క సందులోకి దూరినాను. బుడ్డలు పగిలే చప్పుడు టప్పు టప్పుమని సందు చివరిదాకా నా వెనకే వచ్చింది.

సోమవారం టీచరమ్మ మొదటి బస్సుకే దిగింది. ఎవరు చెప్పినారో, ఆమెకు అంతా తెలుసు. మొదటి పీరియడులో తలా ఒక కాగితం ఇచ్చి, పెన్ను పుర్రచేత్తో పట్టుకోమనింది. అందరూ పకపకా నవ్వినారు. అప్పుడామె చీటీలో ఉన్న మాటలే నిదానంగా చెప్పింది. నవ్వు ఆగిపోయింది. "రాయండి నాయనా" అనింది. తనూ సుద్దముక్క ఎడమచేత్తో పట్టుకొని బోర్డు మీద రాసింది. ఆమె రాత నా రాత కంటే ఘోరంగా ఉండింది.

అంతలో పెద్దసారు చెప్పుల చప్పుడు. ఆయన వెనకాల ఆ పిల్ల నాయన, భుజం మీది టవలు చేతిలోకి తీసుకొని, గడప బయటే నిలబడినాడు. టీచరమ్మ కాగితాల కట్ట పెద్దసారుకు అందించింది.  

"మీ చీటీకి జోడీ ఏదో చూసుకోండి సార్."

"ఏందమ్మా ఈ నాటకం?"

"పాఠం సార్. రుజువు లేకుండా ఎవరికీ శిక్ష వేయకూడదనే పాఠం."

పెద్దసారు కాగితాలు తిరగేసినాడు. ఆ పిల్లదొక్కటే తిన్నగా ఉండాది, తక్కినవన్నీ ఆ చీటీ మాదిరే వంకర. ముఖం నల్లబడింది. "ఇవి ఈరోజు రాసినవి. శనివారం దొరికిన చీటీ రాసిందెవరు? లేవండి!" అని బెత్తం బల్ల మీద కొట్టినాడు. గది గోడలు అదిరినాయి. నేను లేచినాను. "నేనే సార్. రాసింది తప్పయితే కొట్టండి" అన్నాను. ఎత్తిన బెత్తం ఎత్తినట్లే ఉండిపోయింది. ఎవరి మీదా పడకుండానే దించినాడు. ఆయన వెళ్లిపోయినాడు. టీసీ మాట మళ్లీ రాలేదు. ఆ వారం నుంచే నీళ్లూ కక్కూసూ హాజరు పట్టీ వరుసన అందరి వంతుకూ వచ్చినాయి. టీచరమ్మ కూడా బిందె ఎత్తింది.

బస్టాండు దగ్గర నా టీ అంగట్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పినానో లెక్కలేదు. ఈ చుట్టుపక్కల బళ్లలో మానవ హక్కుల దినమంటే నన్ను పిలిచి చెప్పించుకుంటారు. పోయినేడు అట్లే చెప్తాంటే వెనక బెంచీలో ఒకామె కూర్చొని వినింది. ఆ పుర్రచేతి పిల్లే; ఇప్పుడు కళ్యాణదుర్గం దిక్కు ఒక బళ్లో లెక్కల టీచరు. అంతా అయినాక దగ్గరికొచ్చి, "కథ బాగుండాదప్పా. లేచింది మాత్రం నువ్వేనా?" అనింది. నవ్వుతానే అనింది. ఆ దినం మళ్లీ సంగటి ముట్టలేదు.

అందుకని రాస్తాండాను. కుక్కలు మొరిగింది అబద్ధం. అది మీకూ తెలుసు. నేను లేచినాననేది కూడా అబద్ధం. బెత్తం బల్ల మీద పడినప్పుడు నేను బెంచీకి అతుక్కుపోయినాను. లేచింది ఆ పిల్ల. గడప బయటున్న నాయన వైపు ఒకసారి చూసి, "రాసింది నేను కాదు సార్. కానీ అందులో ఉండేది నిజమే గదా?" అనింది. ఆ మాటకే పెద్దసారు ఎత్తిన బెత్తం దించేసినాడు. రాసిందెవరో ఆమెకు తెలుసు. నా పేరు చెప్పలేదు. మరుసటి దినం తన నోటుబుక్కు ఎప్పటిలాగే నాకు కనబడేటట్లు పెట్టింది.

ఈ కాగితం ఈ యేడు పిల్లల ముందర చదవాల. ఆమెను కూడా పిలిచినారంట. కూర్చొని చదవమని కుర్చీ వేస్తారు, నాకు తెలుసు. ఈసారి మాత్రం లేచి నిలబడే చదువుతాను.