తోకచుక్కను విరిచి చూడమన్న మనిషి

మా మేనమామ లింబాద్రి సారు అస్తమించారన్న వార్త మొన్న ఆర్మూర్ పసుపు యార్డులో, నా అడ్తి దుకాణంలో ఉండగా చెవిన పడింది. దిగ్భ్రాంతుడినయ్యాను. నిజం చెప్పాలంటే కొంచెం కోపం కూడా వచ్చింది. తోకచుక్క మీద దిగడానికి పదేళ్ల ప్రయాణం పెట్టుకుని బయలుదేరిన వ్యోమనౌక ఇంకా సగం దారిలోనే ఉంది. "గది దిగేదాంక నేను పోనురా" అని ఊరందరికీ మాటిచ్చిన మనిషి ఆయన.

జీవితమంతా హైస్కూల్లో సైన్సు బోధించిన ఆ విద్వద్వరేణ్యుడికి ధూమకేతువులంటే వల్లమాలిన అభిమానం. తోకచుక్క అరిష్టమని ఎవరైనా అంటే, "అరిష్టం మనకు గాదు, దానికే. గుద్దనీకి పోతున్నరు" అనేవారు.

అన్నట్టే నాలుగేళ్ల కిందట ఇంకో నౌక వేరే తోకచుక్క దారిలోకి రాగి దిమ్మెను వదిలింది. ఎందుకు గుద్దడమని హమాలీలు అడిగితే, సారు నా రాశిలోంచి ఒక పసుపు కొమ్ము తీసి పటుక్కున విరిచారు. "పైన జూసి ధర గడ్తమా? ఇరిస్తెనే లోపలి రంగు తెలుస్తది. గదీ గంతే." యార్డంతటికీ అర్థమైంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా వివరించారు గనుక, నా రాశిలో సగం ముక్కలే మిగిలాయి.

దిమ్మె తగిలే పొద్దున నా దుకాణంలో టీవీ పెట్టించి, వేలం ఆపించి, అందరినీ కూర్చోబెట్టారు. సరిగ్గా ఢీకొనే గడియకు కరెంటు పోయింది. "తగిలిందా? జర ఎవలన్న చెప్పుండ్రి!" అని సారు గిలగిలలాడారు. ఒక హమాలీ ఓదార్చాడు: "మస్తు తగిలినట్టుంది సార్. గీడిదాంక కరెంటు పోయింది."

అనుకున్నంత మంచు కాదు, మెత్తటి దుమ్మే ఎక్కువగా లేచిందని తర్వాత పేపర్లో వచ్చింది. "అంత దుమ్మేనట, మన యార్డుకు చుట్టమే" అని పేడాలు పంచారు. నాతో మాత్రం, "మనం అనుకున్నది కాకున్నా, ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలె. గదే సైన్సు" అన్నారు.

దవాఖానలో ఆఖరిసారి ఆయన అడిగింది మందుల సంగతి కాదు. "గది దిగిందో లేదో నాకెవలు జెప్తరురా?"

"నువ్వే చూస్తవు మామా" అన్నాను. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు.

మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టాం. కాకి గోడ మీదే కూర్చుంది, ముట్టదు. గంగమణి అత్తమ్మ, "ఇల్లు నేను జూసుకుంట, ఫికర్ చెయ్యకు" అని మాటిచ్చింది. కదల్లేదు. ఎవరో కల్లు తెచ్చి పోశారు. అసలే కదల్లేదు. చివరికి నేను చేతులు జోడించాను. "మామా! గా యంత్రం దిగినా, బోర్ల పడ్డా, దారి తప్పినా, ఉన్నదున్నట్టు నీకు నేను చెప్త."

కాకి దిగి ముద్ద ముట్టింది. అందరూ కళ్లొత్తుకున్నారు.

"దానికి ఆకలై దిగిందిరా, సైన్సు చదివి గిట్ల నమ్ముతవా?" అని నన్ను తిట్టే మనిషి మాత్రం ఆర్మూరులో ఇక లేడు.