ఉప్పును గెలిచిన మా లక్ష్మణమ్మ

మా కోడలు లక్ష్మణమ్మ మొదట గెలిచింది ఉప్పు మీద. భావనపాడు రేవులో, ఉప్పుచేప అమ్మి బతికే ఇంట్లో, మొగుడి చేత చప్పిడి కూడు తినిపించడమంటే మాటలు కాదు. ఈ ఊళ్ళో నాకంటే ముందు అయిదో తరగతి పాసైనవాడు లేడు. నేను సంఘం పెద్దగా ఉన్నప్పుడే మా ఊరికి బస్సు వచ్చింది. అయినా చెబుతున్నాను, ఒకరి చేత ఉప్పు మాన్పించడం నా వల్ల అయ్యే పని కాదు.

ఆమె మొగుడు ఎల్లాజీ నా తమ్ముడి కొడుకు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. తగ్గిపోయిందనే అనుకున్నాం. పోయిన వానాకాలం వల లాగుతూ ఆయాసంతో ఇసకలో కూలబడ్డాడు. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. శ్రీకాకుళం డాక్టరు చాలాసేపు గొట్టం పెట్టి విని, గుండెలో నెత్తురు పోయే తలుపు ఇరుకైపోయిందన్నారు. మదరాసులో ఆపరేషన్ చేసి దాన్ని వెడల్పు చేస్తారట. కాని ముందు ఒంటి నీరు దిగాలి. వాపుతో వెళితే వాళ్ళు ముట్టుకోరు. మాత్రలిచ్చి, ఉప్పు మానాలన్నారు.

ఆ పూట ఎల్లాజీ మొదటి ముద్దే ఉమ్మేశాడు.

"ఒసే, ఇది కూరేటే? గోడ సున్నం గీకి ఎట్టినట్టున్నాది! సముద్రం మీద బతికినోడ్ని, ఉప్పు నేకపోతే ఎలాగే?"

"సముద్రం నీ కాళ్ళలోకే వచ్చీసినాది కదా మావా. ఇంకేటి కావాల?" అంది లక్ష్మణమ్మ.

అలా అని ఊరుకోలేదు. తనూ ఆ కూరే తింది. ఒకరోజు చింతపండు పులుసు, ఒకరోజు ఉప్పు వేయకుండా ఎండబెట్టిన మామిడి ఒరుగు, ఒకరోజు మిరియాల చారు. తాజా చేప కోసం తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్ళి నిలబడేది. చివరికి పచ్చి నెత్తళ్ళు గోంగూరతో వండిన రోజున ఎల్లాజీ మళ్ళీ వడ్డించమని కంచం చాపాడు. గంపెత్తుకుని బస్సెక్కి నరసన్నపేట సంతకి వెళ్ళిన మొదటి ఆడమనిషి కూడా ఈమే. కాని నా లెక్కలో ఆ కంచమే పెద్ద గెలుపు.

రోజూ పొద్దున్నే అతని కాలి మీద వేలితో నొక్కి చూసేది. నొక్కిన చోట పడే గుంట మాఘమాసానికి పడడం మానేసింది. మదరాసు ప్రయాణం కుదిరింది.

గుండె కోస్తారంటే మా ఊళ్ళో ఎవరు నమ్ముతారు, తిరిగొస్తాడని? ప్రయాణం ముందు రోజు ఇంటింటి నుంచీ అతనికి ఇష్టమైనవి పట్టుకొచ్చారు. అందరికంటే ముందు అతని తల్లి అసిరమ్మ, ఉప్పుచేప పులుసు దాకతో.

"ఆడికిదంటే పానమే. మల్లీ తింతాడో నేదో. ఓ ముద్ద ఎట్టనీయే, నీ కాళ్ళు మొక్కుతాను."

"తింతాడత్తా, వచ్చి తింతాడు. ఇప్పుడెట్టినావంటే అదే ఆఖరి ముద్దయిపోతాది."

"నువ్వేటి డాట్రువేటే, పెద్ద సెప్పొచ్చినావు!"

పులుసు వాసన ఇల్లంతా నిండింది. ఎల్లాజీ దాక వైపు చూశాడు. అందరం అతని వైపు చూశాం.

"మూతెట్టీయే అమ్మా," అన్నాడు. "రేపు ఇది నా కాలు నొక్కి సూస్తాది. గుంట పడ్డాదంటే రైలెక్కనీదు. నీ పులుసు కన్నా దీని ఏలంటేనే నాకు బయం."

ఏడుస్తున్న అసిరమ్మే ముందు నవ్వింది. వచ్చిన గిన్నెలన్నీ వచ్చిన దారినే వెళ్ళాయి.

టెలిగ్రాం వచ్చినప్పుడు రేవులో నిలబడి నేనే చదివి వినిపించాను: ఆపరేషన్ అయింది, క్షేమం. తరవాత పక్క మంచం తెలుగాయన చేత లక్ష్మణమ్మ కార్డు రాయించింది. ఎల్లాజీ ఇప్పుడు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడట. అరవం ముక్క రాకపోయినా ఆమె చప్పిడి చారు అడిగి తెప్పిస్తోందట. ఇంటికొచ్చాక కూరలో చిటికెడు ఉప్పు వేసుకోవచ్చన్నారట.

"సిటికెడంటే ఎంత బావా?" అని అసిరమ్మ నన్ను రోజూ అడుగుతోంది. నేను వేళ్ళు కలిపి చూపిస్తున్నాను. ఉప్పుచేప జాడీకి మూత గట్టిగా బిగించేసింది. ఒడ్డున ఉప్పు పట్టించకుండా నెత్తళ్ళు ఎండబెట్టి, కాకుల్ని తోలుతూ కూర్చుంటోంది. అవి కొడుక్కట. ఎవర్నీ ముట్టనివ్వదు.

వాళ్ళిద్దరూ నౌపడాలో రైలు దిగేది 1969 మార్చి 6, గురువారం.