రెండో అయస్కాంతం

సైకిలు నువ్వే ఎక్కించావు కదయ్యా ఆయన్ని, అంటున్నారు వచ్చినవాళ్ళందరూ. కాళ్ళు కడుక్కోకముందే ఆ మాట, మంచినీళ్ళు తాగాక మళ్ళీ ఆ మాట. మా బావగారు పోయింది సైకిలు మీద కాదు. ఇంట్లో, మంచం మీద. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "పంచదార ఎక్కువైంది" అని మా అక్కతో అని, గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇక లేవలేదు. పదిహేను రోజులైంది. అందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. రాసిపెడితే చదువుకుంటారని రాస్తున్నాను. సైకిలు విషయంలో నా తప్పు ఉంది. కానీ వాళ్ళనుకునే తప్పు కాదు.

ఆయన చిలకలూరిపేట ఇవతల, హైవే పక్కనున్న నూలుమిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరు. నేను పదో తరగతి రెండోసారి కూడా తప్పి ఇంట్లో కూర్చుంటే, సెలవు రోజుల్లో వచ్చి నాకు సైకిలు పని నేర్పారు. ఆ పనితోనే మా ఊళ్ళో కొట్టు పెట్టుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఇప్పటికీ అన్నం తింటున్నాను. చక్రం వంకర తీయడం నేర్పిన రోజున ఆయన చెప్పిన మాట ఒకటుంది. "ఒరేయ్, తిరిగేదానికి ఒక పక్క బరువు పెట్టావంటే, సరిగ్గా ఎదురుగా అంతే బరువు పెట్టాలి. లేకపోతే ఎప్పుడూ ఒకే పక్కకి మొగ్గి ఆగుద్ది." మిల్లులో పెద్ద పెద్ద పుల్లీలకి అలాగే చేసేవారట.

ఎవరింటికి వెళ్ళినా, గోడకి ఆనించిన సైకిలు కనిపిస్తే ముందు చక్రం ఎత్తి, ఒక్క వేలితో తిప్పి, ఎక్కడ ఆగుతుందో చూసిగానీ లోపలికి అడుగుపెట్టేవారు కాదు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూడా ముందు మా నాన్న సైకిలే చూశారు. "నన్ను తర్వాత చూశారు. అది బానే ఉందన్నారు, నా గురించి ఏమీ అనలేదు" అని అక్క ఇప్పటికీ అంటుంది.

పోయిన ఏడాది గుండెకి స్టెంటు వేశారు. సైకిలు తొక్కవచ్చు, పోనూరానూ కలిపి పది కిలోమీటర్లు దాటొద్దు, అన్నాడు గుంటూరు డాక్టరు. ఆ మాట వినగానే బావగారి ముఖం వెలిగింది. ఎందుకంటే మిల్లు మూతపడినా గేటు దగ్గర కాపలా ఉండే సాయిబు గారు అక్కడే ఉన్నారు. ఆయనకి ఒక కాలు పడిపోయింది, ఎక్కడికీ రాలేరు. డొంకదారిన పోతే మిల్లు దగ్గరే, ఎన్ని కిలోమీటర్లో మాత్రం ఎవరూ కొలవలేదు.

"బండి మీద దించుతాను, ఎక్కు బావా" అన్నాను.

"ముప్పై ఏళ్ళు సైకిలు మీద పోయిన గేటుకి నీ వెనక మూటలా కూర్చుని పోవాలా? సాయిబు లోపలికి రానీడు."

అక్క ఒక షరతు పెట్టింది. మీటరు ఉండాలి, ఇంటికొచ్చాక తాను చూడాలి, పది దాటితే ఆ పూట టిఫిను లేదు. సరేనని ఆయన మాటిచ్చారు. గుంటూరు వెళ్ళి మీటరు తెచ్చాను. హ్యాండిలుకి చిన్న డబ్బా, ముందు ఫోర్కుకి సెన్సారు, చక్రం స్పోకుకి మరతో బిగించే చిటికెడు అయస్కాంతం. చక్రం తిరిగినప్పుడల్లా అయస్కాంతం సెన్సారు ముందు నుంచి పోతుంది, అది ఒక చుట్టు అని మీటరు లెక్కేసుకుంటుంది.

నేను ఒకటి బిగించాను. చక్రం తిప్పాను. ఒక పక్కకి మొగ్గి ఆగింది. అది ట్యూబు వాల్వు బరువో, అయస్కాంతం బరువో ఆలోచించలేదు. గురువు చెప్పిన మాట గుర్తొచ్చింది. పాడైపోయిన మరో మీటరు తాలూకు అయస్కాంతం కొట్లో ఉంటే, సరిగ్గా ఎదురు స్పోకుకి అది కూడా బిగించాను. బావగారు వచ్చి వేలితో తిప్పి చూశారు. "ఎదురు బరువు మర్చిపోలేదురా నువ్వు" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది మొత్తం మీద రెండుసార్లు. రెండోది అదే.

మిరపకాయ కోతలప్పుడు మొదలుపెట్టారు. తెల్లారగానే కల్లాల పక్కన ఎండుమిరప ఘాటుకి తుమ్ముకుంటూ పోయేవారు. మొదటిరోజు వచ్చి, "ఇరవై స్పీడు చూపించిందిరా" అని ఛాతీ విరుచుకున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి, గుండెలో స్టెంటు, మట్టిరోడ్డు. అనుమానం రావాలా వద్దా? నేను పొగిడాను.

కాలువ వంతెన దగ్గరికి రాగానే మీటరు ఐదు చూపించేది. అక్కడ దిగి, సాయిబు గారికి ఫోను చేసి, వెనక్కి తిరిగేవారు. కొట్టు ముందు కూర్చుని నాతో చెప్పేవారు.

"సాయిబు ఏమన్నాడో తెలుసా? మీటరుకేం తెలుసు మేస్త్రీ, తొక్కు, అన్నాడు. నీకేం, టిఫిను మానేది నేను కదా, అన్నాను."

ఇంకోరోజు, "ఏంటోరా, నేను పని మానేశాక మిల్లు వెనక్కి జరిగినట్టుంది. అప్పట్లో రెండు బీడీలు కాల్చేలోపు గేటు వచ్చేది" అన్నారు.

"వయసైతే దూరాలు పెరుగుతాయి బావా" అన్నాను నేను. నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు నాకు నిద్రపట్టనీయడం లేదు.

పదకొండో రోజు అయ్యాక, సాయిబు గారికి ఫోనులో చెప్పిన కబురే మనిషి నోట కూడా చెప్పాలని బావగారి సైకిలే వేసుకుని డొంకన పోయాను. వంతెన దగ్గర ఐదు. గేటు దగ్గర పది. ఇంటి నుంచి పట్టింది అరగంట కూడా కాదు. నా షుగరు కాళ్ళతో మట్టిరోడ్డు మీద ఆ టైములో పది కిలోమీటర్లు తొక్కితే నన్ను పోటీలకి పంపాలి. సైకిలు దిగి, ముందు చక్రం ఎత్తి, చేత్తో నిదానంగా ఒక్క చుట్టు తిప్పాను. సెన్సారు ముందు నుంచి ఒక అయస్కాంతం పోయింది. తర్వాత రెండోది పోయింది.

ఒక చుట్టుకి రెండు లెక్క. మిల్లు ఐదు కిలోమీటర్లే. పోయి, టీ తాగి, ఇంటికొస్తే సరిగ్గా పది. డాక్టరు ఒప్పుకున్నంతే, అక్క ఒప్పుకున్నంతే. ఆయన రోజూ సగం దారిలో వెనక్కి తిరిగారు.

"ఏంటయ్యా, పంచరా?" అన్నారు సాయిబు గారు కుర్చీలోంచే.

"కాదండీ. బానే ఉంది."

"రోజూ రెండు టీలు చెప్పేవాణ్ణి. వంతెన కాడ నుంచి ఫోను చేసేవాడు. ఇక రెండోది కూడా నేనే తాగేవాణ్ణి." డొంక వైపు చూస్తూ అడిగారు. "ఆ వంతెన ఇక్కడికి ఎంతుంటదంటావు?"

"రెండున్నర ఉంటదండీ."

"అంతేనా" అన్నారాయన. ఆ రోజు కూడా టీలు రెండే వచ్చాయి. బావగారిది నేను తాగాను.

ఈ సంగతి అక్కకి చెప్పలేదు. మీటరులో మొత్తం ఎనిమిది వందల కిలోమీటర్లు ఉంది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని చూపించి, "ఈ వయసులో ఇంత తొక్కారు" అంటోంది. ఆ అంకె చెప్పేటప్పుడు మాత్రమే ఆమె గొంతు సరిగ్గా వస్తోంది.

ఇప్పుడు వాళ్ళ వసారాలో సైకిలు పక్కనే కూర్చుని రాస్తున్నాను. స్క్రూడ్రైవరు జేబులో ఉంది. రెండో అయస్కాంతం తీయడానికి ఒక్క మర చాలు. తీస్తే మీటరు నిజం చెబుతుంది, కానీ ఎవరికి చెబుతుంది? ఇందాక ముందు చక్రం ఎత్తి ఒక్క వేలితో తిప్పాను. రెండూ ఎదురెదురుగా, ఎటూ మొగ్గకుండా, ఆయన నేర్పినట్టే తిరుగుతూ, తిరుగుతూ

"ఒరేయ్ తమ్ముడూ, ఎక్కడున్నావు? బాబాయి వాళ్ళొచ్చారు. మీ బావ ఎనిమిది వందల కిలోమీటర్లు తొక్కారంటే నమ్మడం లేదు. ఆ సైకిలు ఇట్లా తీసుకురా."

వస్తున్నానక్కా. అందులో సగం రెండో అయస్కాంతం తొక్కిందని